మొదటి ఉరుకు

నిన్నమొన్నటి దాక నాకు నీ వీపే తెలుసు సైదమ్మా.
వీపు మీద తొమ్మిది.
ఉతికి ఉతికి తోక ఊడిన తొమ్మిది,
దూరం నుంచి సున్నా లెక్క కనపడేది.

గోల్ కీపర్ బతుకు గంతే.
అందరి వీపులు లెక్కపెట్టుకుంట నిలబడుడు.
ఈ ప్యాడ్లు నాయి కావు,
నాకంటే ముందు ముగ్గురక్కల తరఫున దెబ్బలు తిన్నయి.
ఎడమ కాలిదాన్ని సైకిల్ ట్యూబుతోని కట్టుకుంట.

అవతల, లతీఫ్ సాహెబ్ గుట్ట దిక్కు గోల్‌ల
నువ్వు బంతి ఏస్తే
ముందుగాల మొరం దుమ్ము లేచేది,
ఎనకనే విజిల్,
ఆఖరుకు మీరంత ఒకరి మీద ఒకరు పడి నవ్వే నవ్వు.
నాదాక వచ్చేసరికి అది సల్లారిపోయేది.

బంతి పోగొట్టుకున్నప్పుడేమో
నడుము మీద చేతులేసుకొని నిలబడేదానివి
బస్సు తప్పిపోయినోళ్ళ లెక్క.
ఇంక మిగిలింది మా పని.
తిట్టుకున్న నిన్ను.
హెల్మెట్ లోపల తిడితే
తిట్లు మన మూతికే తగుల్తయి.

"వంగు!" అని ఒర్లేటోడు విక్టర్ సారు,
"వంగకుంట బంతి గుంజుకునుడు ఎట్లొస్తదే?"
ఉరుకుతవు, గిరుక్కున తిరుగుతవు,
నలుగురి నడుమ నుంచి సూదిల దారం లెక్క దూరుతవు.
వంగవు.
బద్ధకం అనుకున్నం. పొగరనుకున్నం.

దసరా సెలవులల్ల మర్రిగూడ అవతల మీ ఊరికి వచ్చిన.
మీ నాయినమ్మ కడప కాడ కూసున్నది.
నన్ను చూడనీకి మెడ తిరగక
మనిషి మొత్తం తిరిగింది.
ముప్పై ఏండ్ల కింద బోరునీళ్ళకు వంగిన నడుము,
మళ్ళ లేవలే.
"కృష్ణ నీళ్ళే బిడ్డా, భయం లేదు, తాగు"
అని చెంబు అందిచ్చింది.
నువ్వు ఆమె పక్కన
దర్వాజ కట్టె లెక్క నిటారుగ నిలబడ్డవు.

ఆ తర్వాత నేను తిట్టలే.
అడగలే కూడ.

ఎప్పుడు మారినవో తెల్వదు.
ఒకనాడు పొద్దుగాల, ప్రార్థన గంట కొట్టకముందు,
నా గోల్ ముంగట కంకరరాళ్ళు ఏరుకుంట కనపడ్డవు.
వంగి.
ఏరి ఏరి కొంగుల పోసుకున్నట్టు
జెర్సీ అంచుల పోసుకుంటున్నవు.
తెల్లారి కట్టె పట్టుకొని వచ్చినవు,
"కొట్టు, ఆపుత" అన్నవు.
కొట్టిన.
మొదటి వారమంత మోకాళ్ళు చెక్కుకపోయినయి,
హాస్టల్ గదంత పసుపు వాసన.

విక్టర్ సారు మెచ్చుకోలే. ఆయనకు ఆ అలవాటు లేదు.
బడి మొత్తానికి ఒక్కటే మాస్క్ ఉంటే
తెచ్చి నీ చేతుల పెట్టిండు.
"పెనాల్టీ కార్నర్‌ల మొదటి ఉరుకు నీది."
ఇంతే.
గోల్స్ కొట్టినందుకు ఎన్నడూ
నువ్వట్ల తల దించుకోలే.

వనపర్తోళ్ళతోని ఆట.
మనది ఒకటి, వాళ్ళది సున్నా, ఇంకా నాలుగు నిమిషాలు.
అంపైరమ్మ రెండు చేతులు నా దిక్కు చాపింది.

గీత ఎనక, నా పక్కన నిలబడ్డవు.
నీ ఊపిరి మాస్క్‌ల బుస బుస.
బంతి కదలకముందు ఉరికితే
నడిమి గీత దాక ఎల్లగొడ్తరు.
ఆగుడు రాని పిల్లవు, ఆగినవు.
బొటనవేలు మొరంల కుచ్చుకొని
ఆగినవు.

తర్వాత దుమ్ము.
కట్టె నేలను ఊడ్చుకుంట పోయిన చప్పుడు,
బంతి దేనికో తగిలిన చప్పుడు.
కట్టెకా? కాలి ఎముకకా?
బంతి పక్కకు పోయింది. అది చూసిన.
తోక లేని తొమ్మిది
నేలకు జానెడు ఎత్తుల ఉన్నది,
అదీ చూసిన.
లేస్తవా అని చూసిన.
లేసినవు.

అంపైరమ్మ చేతులు మళ్ళ చాపింది.
ఇంకో కార్నర్.

కుంటుకుంట, మాస్క్ నెత్తి మీదికి నూకి
నా దిక్కు నడిచొస్తున్నవు.
ఎడమ కనుబొమ్మ కాడ గాటు ఉన్నది నీకు.
మూడేండ్లు ఒక్కటే గదిల పండినం,
నాకు తెల్వనే తెల్వదు.